నూనె డబ్బాలో నేరస్తుడు

"ఈ ఫర్వానియాలో నేరం చేసినవాడు తప్పించుకోవాలంటే ముందు నన్ను దాటాలండి," అన్నాడు నతానియేల్, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నల్లకళ్లద్దాలు తగిలించుకుంటూ. అమలాపురం నుంచి ఈ గల్ఫ్ దేశానికి వచ్చిన మా దర్జీ షాపు ఇస్త్రీ మేధావి అతను. నేను అక్కడే గుండీలు కుడతాను. అతని పరిశోధనలు భరించే ఉద్యోగం కూడా నాదే.

నేరం ఏమిటంటే, చిన్నరాజం కుట్టుమిషన్ వారంగా మొరాయిస్తోంది. ఏసీ నడుస్తున్నంతసేపూ చక్రం బిగుసుకుపోతుంది. మధ్యాహ్నం ఏసీ ఆపితే మళ్లీ తిరుగుతుంది. మిషన్‌ని చిన్నరాజమే పాడుచేశాడని యజమాని అబ్దుల్ బాసిత్ తేల్చేశాడు. సాయంత్రంలోగా పెళ్లివారి దిష్‌దాషాలు, అంటే అరబ్బుల పొడుగు అంగీలు, పూర్తికాకపోతే, "ఖలాస్, ఊరికి పో," అన్నాడు.

"నేనేం చెయ్యలే అన్నా. దినాం రెండుసార్లు నూనె పోస్తున్న," అన్నాడు చిన్నరాజం. జగిత్యాల వదిలి పదకొండేళ్లయింది అతనికి. ఇప్పుడిలా పంపేస్తారంటే నాకు నిజంగా బాధేసింది.

నతానియేల్ భూతద్దంతో సూదిని, చక్రాన్ని, ఎందుకో చిన్నరాజం చెవినీ పరిశీలించాడు.

"హంతకుడు తెలివైనవాడండి."

"సచ్చినోళ్లు ఎవురూ లేరు గదప్పా," అన్నాను.

"మిషను చచ్చింది కదండీ రామాంజులుగారూ. ఏసీ వేస్తే దాడి, ఆపితే పరారీ. అంటే వాడు చలిప్రాంతం వాడు. ఊటీ అనుకుంటున్నాను."

"మన షాపుకు ఊటీవాడు ఎప్పుడొచ్చినాడు?"

"రాలేదు. అక్కడే దొరికిపోయాడండి."

వేలిముద్రల కోసం, ఎప్పుడూ ఇస్త్రీబల్ల మీద వెచ్చగా ఉండే చిన్నరాజం మిషన్ నూనె డబ్బాను స్వాధీనం చేసుకుని, సరిగ్గా ఏసీ గాలి తగిలేచోట పెట్టి, చాయ్ తాగడానికి వెళ్లి మర్చిపోయాడు. రెండు గంటల తర్వాత వచ్చి డబ్బా వంచితే చుక్క రాలలేదు. మూత తీస్తే లోపల తెల్లటి ముద్ద.

"ఎవడో నెయ్యి కలిపాడండి."

నేను వాసన చూశాను. కొబ్బరినూనె. షాపులో అందరి చూపులూ నిగనిగలాడుతున్న నతానియేల్ క్రాపు మీదికి వెళ్లాయి.

"ఆయ్, పోయినవారం డబ్బా సగమైపోయిందని నా తలనూనె పోసి నింపానండి. ఏ నూనైతే ఏంటి, జారేదేగా?"

జారుతుంది, వేడిలో. ఏసీ చలికి పేరుకుని మిషన్‌ని పట్టేస్తుంది. పక్క షాపు నుంచి అసలు నూనె తెచ్చి, కీళ్లన్నీ కడిగి పోస్తే చక్రం గిర్రున తిరిగింది. అబ్దుల్ బాసిత్ తలవంచుకుని, "మాఫ్ కరో రాజం. యల్లా, కుట్టు," అన్నాడు.

నతానియేల్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మొత్తానికి నేరస్తుణ్ణి పట్టుకున్నానండి."

"పట్టుకున్నవ్‌లే అన్నా," అన్నాడు చిన్నరాజం, తల ఎత్తకుండా కుడుతూ. "ఇగ వాన్ని నా మిషన్ కాడికి రానియ్యకు."