మాజీ అయితేనే మహానుభావుడు

ఫుట్‌బాల్ కోచ్‌కి ఉద్యోగం ఊడటాన్ని మించిన అదృష్టం ఈ భూమ్మీద లేదు!

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను. మిగతా ఉద్యోగాల్లో మనిషి చేరిన రోజు పూలగుత్తి ఇస్తారు, పని చేసినన్నాళ్లూ జీతం ఇస్తారు, వెళ్లిపోయే రోజు మర్చిపోతారు. కోచ్ సంగతి అలా కాదు. ఆయనకు చేరిన రోజు నుంచి తిట్లు, తీసేసిన రోజు నుంచి దీవెనలు. అలాంటప్పుడు తెలివైన వాడెవడైనా ఏం కోరుకోవాలి? వీలైనంత త్వరగా తీసేయమనే కదా!

మా ష్లాకెన్‌బెక్‌లో ఈ విషయం పసిపిల్లలకు కూడా తెలుసు. బొగ్గు గని మూసేశారు, ఉక్కు ఫ్యాక్టరీ మూసేశారు, ఇక మాకంటూ మిగిలింది ఈ ఫుట్‌బాల్ క్లబ్ ఒక్కటే. అదీ నాలుగో డివిజన్ చూరు పట్టుకుని వేలాడుతోంది. అయితేనేం, క్లబ్‌కి యజమానులం మేమే. సభ్యులం చెయ్యెత్తితే చాలు, ఏదైనా జరిగి తీరాలి. జెర్సీ రంగు మార్చాలన్నా చేతులే, సాసేజ్‌లోకి వేసే ఆవపిండి ముద్ద మార్చాలన్నా చేతులే. ప్రజాస్వామ్యం అంటే మాదేనండీ!

ఏటా మే నెలలో, ఆఖరి మ్యాచ్ అయిన సాయంత్రం, క్లబ్ బార్‌లో మహాసభ జరుగుతుంది. అందులో అన్నిటికన్నా పవిత్రమైన అంశం ఒకటుంది. ఆ ఏటికి మా అభిమాన మాజీ కోచ్‌ని ఎన్నుకోవడం. గెలిచిన వారి ఫొటో ఏడాది పాటు బీరు పంపుల వెనక గోడ మీద వేలాడుతుంది. దాని కింద నిలబడి గ్లాసు ఎత్తేటప్పుడు మా సభ్యులు టోపీ తీస్తారు. చర్చిలో కూడా తియ్యరు, ఇక్కడ తీస్తారు.

ఇప్పటిదాకా ఆ గోడెక్కిన వారు సామాన్యులు కారు. ఒట్టోకర్ ప్రిల్ సంగతే చూడండి. ఆయన హయాంలో సొంత మైదానంలోనే తొమ్మిది గోల్స్ తిన్నాం. మా వాళ్లు ఆయన కారును చుట్టుముట్టి "ఊరొదిలి పో!" అని అరిచారు. పాపం, ఆయన పోదామనే అనుకున్నాడు, వీళ్లు కారు కదలనిస్తేగా! ఇవాళ అడిగి చూడండి. "ప్రిల్ కాలంలో గోల్స్‌కి కొదవ ఉండేదా?" అంటారు. నిజమే, కొదవ లేదు. ఎవరు కొట్టారన్నది చిల్లర విషయం.

ఇంగో వార్నెకె అనే ఇంకో ఆయన ఉండేవాడు. నోరు విప్పేవాడు కాదు. అప్పట్లో ఆయన పేరు మొద్దు. ఇప్పుడు "మాట తక్కువ, లోతు ఎక్కువ" అంటున్నారు. హార్ట్‌విగ్ అయితే జోరువానలో ఆటగాళ్లను గనిమట్టి గుట్ట మీదికి పరిగెత్తించేవాడు. ఆ దెబ్బకు గోల్‌కీపర్ పక్క ఊరికి పారిపోయాడు. ఆనాటి ఆటగాళ్లు ఇప్పుడు కుంటుకుంటూ బార్‌లోకి వచ్చి "ఇది మామూలు మోకాలి నొప్పి కాదు, హార్ట్‌విగ్ గారి నొప్పి!" అని గర్వంగా చెప్పుకుంటారు.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు గానీ, మేము చావు దాకా కూడా ఆగం. అంతటి విశాల హృదయం మాది. కిందటి సారి ఒకాయన్ని తీసేసినప్పుడు, ఆయన కారు పార్కింగ్ దాటక ముందే "మంచివాడే పాపం" అన్న మాట వినిపించింది.

ఇక డెట్‌లెఫ్ కుబియాక్ దగ్గరికి వద్దాం.

కుబియాక్ మా ఊరివాడే. తండ్రి గనిలో పనిచేశాడు. ఈయన పగలు స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతాడు, సాయంత్రాలు మా జట్టుకి కోచ్. ఎనిమిదేళ్లు పనిచేశాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కాబట్టి ఎనిమిదేళ్లలో ఒక్కరూ ఆయన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. గెలిస్తే కుర్రాళ్లు బాగా ఆడినట్టు. ఓడితే కుబియాక్ ఓడించినట్టు. రొట్టెల కొట్టుకి వెళ్తే రొట్టెతో పాటు ఒక సలహా, మంగలి దగ్గరికి వెళ్తే కత్తి గొంతు మీద ఉండగా రెండు సలహాలు! బార్ నడిపే గుడ్రున్ ఒక్కతే సలహా ఇవ్వకుండా బీరు ఇచ్చేది.

ఆమెతో ఒకసారి ఆయన అన్న మాట పక్క స్టూలు మీదున్న నేను విన్నాను.

"గుడ్రునక్కా, నాకు ఫొటో గిటో ఏం వద్దు. ఈ పనిలో ఉండగా ఒక్కసారి, ఎవడో ఒకడు వచ్చి ‘బాగా చేశావురా డెట్‌లెఫ్’ అంటే చాలు. అదొక్కటే నా ఆశ."

"పనిలో ఉండగానా?" అంది గుడ్రున్ గ్లాసు తుడుస్తూ. "ఆశ కాదబ్బాయ్, దురాశ."

చూశారా, ఆమెకు లోకజ్ఞానం ఎంతుందో!

కిందటి సీజన్‌లో మా పరిస్థితి మరీ ఘోరంగా తయారైంది. క్రిస్మస్ నాటికి పట్టికలో అందరికన్నా అడుగున ఉన్నాం. కుబియాక్ ఏం మంత్రం వేశాడో గానీ, వసంతం వచ్చేసరికి ఒక్కో మెట్టూ ఎక్కించాడు. చివరికి అంతా ఆఖరి మ్యాచ్ మీదికి వచ్చింది. గెలిస్తే ఉంటాం, లేకపోతే ఐదో డివిజన్‌కి. ఆట ముగియబోతోంది, స్కోరు సమానంగా ఉంది. అప్పుడు కుబియాక్ మా పెద్ద స్ట్రైకర్‌ని బయటికి పిలిచి, ఒక డిఫెండర్‌ని లోపలికి పంపాడు. గోల్ కావాల్సిన వేళ డిఫెండర్! స్టేడియమంతా లేచి ఆయన వంశవృక్షాన్ని వేళ్లతో సహా పెకలించింది. డప్పు కొట్టే హైనర్ నోవాక్ అయితే డప్పు వదిలేసి, రెండు చేతులూ గొట్టంలా పెట్టుకుని మరీ తిట్టాడు.

కార్నర్ కిక్ వచ్చింది. ఆ డిఫెండరే ఎగిరి తలతో గోల్ కొట్టాడు.

తర్వాత జరిగింది చెప్పడానికి మాటలు చాలవు. కంచె దూకి అందరం మైదానంలో పడ్డాం. ఆయన తాతముత్తాతల్ని తిట్టిన ఆ హైనరే కుబియాక్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. కుబియాక్ ముఖంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. ఎనిమిదేళ్లుగా ఎదురుచూసిన మాట ఇక ఎవరో ఒకరి నోట వస్తుందని పాపం ఆయన నమ్మాడు.

ఆ సాయంత్రమే మహాసభ. బార్ కిక్కిరిసిపోయింది. బంగాళాదుంప సలాడ్ అయిపోయినా ఎవరూ గొడవ చెయ్యలేదంటే మా ఆనందం ఎలాంటిదో ఊహించుకోండి. అధ్యక్షురాలు ఎల్ఫ్రీడె గంట కొట్టి, మాజీ కోచ్‌ల పేర్లు చదవడం మొదలుపెట్టింది. హైనర్ బల్ల ఎక్కాడు.

"ప్రిల్ ఏంటి, హార్ట్‌విగ్ ఏంటి! ఇవాళ కుబియాక్ పేరు తప్ప నా నోట ఇంకో పేరు రాదు!"

కప్పు ఎగిరిపోయేలా అరిచాం.

"కుదరదు హైనర్," అంది ఎల్ఫ్రీడె. "నియమం ప్రకారం మాజీ అయ్యుండాలి. కుబియాక్ ఇంకా పనిలోనే ఉన్నాడు."

అందరి ముఖాలూ వాడిపోయాయి. ఇంత మంచివాణ్ణి గౌరవించడానికి ఇంత చిన్న అడ్డంకా? ఎల్ఫ్రీడె నిజంగానే బాధపడింది. హైనర్ తల గోక్కున్నాడు. గోక్కోగా గోక్కోగా ఆ తలలో ఒక వెలుగు వెలిగింది.

"అయితే తీసేద్దాం!"

ఒక్కసారిగా చప్పట్లు. ఇంత తేలికైన మార్గం మాకెవరికీ తట్టలేదే!

మూలన సాసేజ్ తింటున్న కుబియాక్ లేచి నిలబడ్డాడు. "ఒరేయ్ హైనర్, నాకు ఫొటో వద్దురా. వచ్చే సీజన్‌కి కుర్రాళ్లని ఎలా ఆడించాలో మొత్తం ఆలోచించి పెట్టుకున్నా. ఈ పని నాకు ఇష్టంరా, నన్ను పని చేసుకోనివ్వండి."

"నువ్వు కూర్చో కోచ్! నీకు సిగ్గెక్కువ. ఇది మేం ప్రేమతో చేస్తున్నది."

చేతులు లేచాయి. కళ్లు తుడుచుకుంటూ లేపిన చేతులు! ఎన్నో తొలగింపులు చూశాను గానీ ఇంత ఆప్యాయంగా, ఇంత నిండు మనసుతో ఒక మనిషిని ఉద్యోగం నుంచి తీసేయడం ఎక్కడా చూడలేదు. వ్యతిరేకంగా ఒక్క చెయ్యే లేచింది. అది కుబియాక్‌ది. ఆయన వినయానికి మరోసారి చప్పట్లు కొట్టాం. ఆ వెంటనే ఆయన్ని మా అభిమాన మాజీ కోచ్‌గా ఎన్నుకున్నాం. ఎవరికీ రానన్ని ఓట్లు!

ఫొటో గోడెక్కింది. కుబియాక్ దాన్ని కాసేపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"సరే, సంతోషం. మీ ముచ్చట తీరింది కదా. ఇప్పుడు మళ్లీ చేతులెత్తి నన్ను పనిలోకి తీసుకోండి."

హైనర్ నిజంగా నొచ్చుకున్నాడు. "నీకేమైనా మతి పోయిందా? మళ్లీ కోచ్‌వి అయితే మేం నిన్ను తిట్టాలి కదా! ఆ ఫొటో కింద కూర్చుని నిన్నెట్లా తిట్టమంటావు?"

"తిట్టకండి."

బార్‌లో ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత పుట్టిన నవ్వుకి గ్లాసులు గలగలలాడాయి. కోచ్‌ని పెట్టుకుని తిట్టకుండా ఉండటమట! అంత ఆనందంలోనూ ఎంత హాస్యం మా కుబియాక్‌ది! ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందబాష్పాలని మా వాళ్లు తేల్చారు. గుడ్రున్ ఒక్కతే నవ్వలేదు. ఆమెకు ఫుట్‌బాల్ అంతగా తెలియదు.

ఏరు దాటి తెప్ప తగలేశారని పక్క ఊరివాళ్లు మమ్మల్ని ఎగతాళి చేస్తున్నారు. వాళ్లకేం తెలుసండీ! మేము తెప్పను తగలెయ్యలేదు, గోడకి తగిలించాం.

జులైలో కొత్త కోచ్ వచ్చాడు. పేరు యోర్న్ ఫెల్ట్‌కాంప్. సముద్రం వైపు వాడు, కుర్రవాడు, కష్టపడతాడు. ఆకులు రాలే కాలానికి మేము పాత చోటికే, పట్టిక అడుక్కే చేరాం. ఊరంతా అతన్ని తిడుతోంది. అంటే అంతా సవ్యంగానే నడుస్తోందన్న మాట.

కుబియాక్ ఇప్పుడు మ్యాచ్ రోజున రెయిలింగ్ దగ్గర మాతో పాటే నిలబడుతున్నాడు. ఆయన వీపు తట్టని వాడు పాపాత్ముడు. రొట్టెల కొట్టువాడు నమస్కారం పెడతాడు, మంగలి కత్తి పక్కన పెట్టి మరీ పొగుడుతాడు. పోయిన శనివారం మళ్లీ ఓడిపోయాక హైనర్ ఆయన భుజం మీద చెయ్యేసి నిట్టూర్చాడు.

"నువ్వుంటే ఇట్లా జరిగేదా డెట్‌లెఫ్!"

"ఉన్నాను కదరా, ఎనిమిదేళ్లు."

"అవును. ఏం రోజులవి!" అన్నాడు హైనర్ గద్గదంగా.

జనం తిట్లు ముగించి బార్ వైపు నడుస్తుంటే, కుబియాక్ రెయిలింగ్ కింద నుంచి దూరి, వానలో ఒంటరిగా నిలబడిన ఫెల్ట్‌కాంప్ దగ్గరికి వెళ్లాడు. మా ఊళ్లో నేనెప్పుడూ చూడని పని ఒకటి చేశాడు. ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఆ పొట్టి కుర్రాణ్ణి ఎడమ వైపుకి మార్చావు చూడు, మంచి పని చేశావు. ఇవాళ ఓడితే ఓడావు గానీ, బాగా చేస్తున్నావురా."

ఫెల్ట్‌కాంప్ ముఖం పాలిపోయింది. భయం భయంగా బార్ వైపు చూస్తూ అడిగాడు.

"అయ్యో... నన్ను తీసేశారా సార్?"