కైలాసం నేత, వంటింటి నల్లా

సిరిసిల్లలో కైలాసం ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు నేత సంఘం ఇన్‌స్పెక్టర్ కరుణాకర్‌రావు గారు వస్తారు. ఆయనకు మంచి చాయ్ ఇచ్చి, తన తువాలలను మళ్లీ చూపించి, ‘మొదటి రకం’ అనిపించుకోవాలి. పోయిన వారం ఆయన అవే తువాలలను రెండు వేళ్లతో పట్టుకుని, పల్చగున్నాయని పక్కన పెట్టేశారు. మూడు తరాలుగా మగ్గాన్ని నమ్ముకున్న ఆ ఇంట్లో అలాంటి మాట ఎవరూ పడలేదు. అప్పటినుంచి కైలాసానికి అన్నం సయించడం లేదు.

చాయ్‌కి నీళ్లు పట్టబోయిన భార్య శంకరవ్వ వంటింట్లోంచి కేకేసింది. "ఏమయ్యా, జర గిటు రా! నల్లాల నీళ్లు దారం లెక్క వస్తున్నయ్."

కైలాసం వచ్చి నల్లా తిప్పాడు, తట్టాడు, చెవి ఆనించి విన్నాడు. కళ్లు మూసుకుని తెగిన పోగును పట్టుకునే మనిషికి నల్లా ఒక లెక్కా? "నాకు సమజైంది," అన్నాడు. "పక్కింటి సిద్దిరాములు మొన్న కొత్త నల్లా పెట్టించిండు. మన నీళ్లన్నీ గుంజుకుంటుండు."

ఆ మాట గోడ అవతల సిద్దిరాములు చెవిన పడనే పడింది. ఆయన తన నల్లా కట్టేసి, గడ్డపార భుజాన వేసుకుని మరీ వచ్చాడు. "నా నల్లా బందు వెట్టిన బావా. ఇప్పుడు నీకు నీళ్లొచ్చినయా?"

రాలేదు.

"గట్లయితే నీ పైపే జామైంది. తవ్వి చూపిస్త. నా మీద పడ్డ దొంగతనం పోవాలె," అంటూ సిద్దిరాములు గడప ముందు తవ్వకం మొదలుపెట్టాడు. నాలుగో పోటుకు పైపు పగిలింది. నీళ్లు చూరు దాకా ఎగిశాయి. వాడకట్టు ఆడవాళ్లంతా బిందెలతో వరస కట్టారు.

"చూసినవా? పైపుల నీళ్లు ఎంత జోరుగున్నయో!" అన్నాడు సిద్దిరాములు, నిలువెల్లా తడిసి, కేసు గెలిచినవాడిలా. ఇద్దరూ కలిసి పగులుకు సైకిల్ ట్యూబు చుట్టి బిగించారు. గుంత పూడ్చేలోపే పది అయింది.

కరుణాకర్‌రావు గారు టైము తప్పే మనిషి కాదు. ఇస్త్రీ చొక్కాతో గడప దాకా వచ్చి, మోకాలి లోతు బురదలో దిగబడ్డారు. "ఏందయ్యా గీ పరేషానీ?" అని అరిచారు. కైలాసం ఇక మొదటి రకం మాట దేవుడెరుగు, మూడో రకం కూడా దక్కదనుకున్నాడు.

కాళ్లూ చేతులైనా కడుక్కుంటారని ఆయన్ని వంటింట్లోకి తీసుకెళ్లాడు. నల్లా ఇంకా దారంలాగే కారుతోంది. ఆయన వంగి చూశారు. "నల్లా మూతికి గీ బట్టేంది?"

"నలకలు పడకుండ కట్టిన సార్. పాతది చినిగితే నిన్న మాపు మార్చిన," అంది శంకరవ్వ. ఆ వాడలో ప్రతి నల్లాకూ ఒక బట్ట ముక్క ఉంటుంది కాబట్టి, పొద్దున్నుంచి ఎవరి చూపూ దాని మీద ఆగలేదు.

అంచు చూడగానే కైలాసం గుర్తుపట్టాడు. "ఏమే, నా తువాల చింపినవా?"

"సార్ పల్చగున్నదన్నరు గదా. నీళ్లు మంచిగ దిగుతయనుకున్న."

కరుణాకర్‌రావు గారు ముడి విప్పారు. నీళ్లు ఒక్కసారిగా దూకి ఆయన్ని తల నుంచి నడుము దాకా తడిపేశాయి. ఆయన కోప్పడలేదు. ఆ బట్టను రెండు చేతులా పట్టి నల్లా కింద పెట్టారు. నీళ్లు అందులో నిలబడ్డాయి. కిందికి మాత్రం బొట్టు బొట్టుగానే రాలాయి.

"ఒక్క మడతనేనా?" అని అడిగారు.

"ఒక్కటే సార్," అన్నాడు కైలాసం. తండ్రి బతికి ఉంటే సార్ అడిగిన ఈ ఒక్క మాట వినిపించడానికి పిలుచుకొద్దుననిపించింది అతనికి.

ఆయన రిజిస్టరు తెప్పించి, ‘మొదటి రకం’ అని రాసి సంతకం పెట్టారు. కైలాసం ఛాతీ రెండింతలైంది. శంకరవ్వ పరుగున వెళ్లి, కట్టలోంచి కొత్త తువాల తీసి ఆయన చేతికిచ్చింది.

ఇన్‌స్పెక్టర్ గారు ఎంతసేపు తుడుచుకున్నా, నీళ్లు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి పోయాయే గానీ తువాలలోకి పోలేదు.