గుహ వార్డుకు వెలుగు

ఒక పెద్ద అడవిలో, ఎండంటే ఏమిటో ఎరగని గుహ ఒకటి ఉండేది. ఆ గుహ మడుగులో రొయ్యలు కాపురం చేసేవి. వాటికి కళ్ళు లేవు, ఒంటికి రంగు లేదు. చూసేవాడే లేనిచోట సోకులెందుకని తాతల నాడే రెండూ వదిలేశాయి. మీసాలు రొయ్యకు లేవా అని లోకం ఎగతాళి చేస్తుంది గానీ, ఈ రొయ్యల బతుకంతా మీసాల మీదే. దారి వెతకాలన్నా, తిండి పసిగట్టాలన్నా అవే దిక్కు.

వాటిలో పెద్దది మీసాలమ్మ. కడుపు కింద గుడ్లు మోస్తోంది. గుహరొయ్య పెట్టే గుడ్లు బహు తక్కువ, అందుకే ఒక్కొక్కటీ దానికి ప్రాణం. పైకప్పుకు వేలాడే గబ్బిలాలు రాల్చే రెట్టే మడుగు మొత్తానికి భోజనం.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ప్రెసిడెంటు నక్కకు గుహ వార్డు గుర్తొచ్చింది. మిణుగురుల దండును వెంటబెట్టుకుని దిగింది.

"అమ్మా మీసాలమ్మా, పాత పాలకవర్గం మిమ్మల్ని చీకట్లో మగ్గబెట్టింది. ఇవాళ్టి నుంచి మీకు వెలుగే వెలుగు."

"మాకు కళ్ళు లేవు కదండీ, ప్రెసిడెంటుగారూ."

"వెలుగు మొదటి విడత. కళ్ళు రెండో విడత."

"మీ దయ. కానీ దీపాలుంటే గబ్బిలాలు ఉండవండి. అవి పోతే మా కూడు పోయినట్టే."

"అభివృద్ధికి అడ్డుపడకూడదమ్మా," అని నక్క చప్పట్లు కొట్టింది. గుమాస్తా కుందేలు కూడా కొట్టింది. కొట్టకపోతే నక్క దగ్గర అది బతకదు మరి.

గుహ పెళ్ళిపందిరిలా వెలిగింది. గబ్బిలాలు మూటాముల్లె సర్దుకుని పక్క అడవికి పోయాయి.

రెట్ట రాలడం ఆగిపోయింది. తక్కువ తిని ఎక్కువ కాలం బతకడం గుహరొయ్యలకు తెలిసిన విద్యే. కదలడం మానేసి ఓపిక పట్టాయి. మీసాలమ్మకు మాత్రం గుడ్ల బెంగ పట్టుకుంది. "మేం ఓర్చుకుంటాం. రేపు పుట్టే పసివాళ్ళకు ఏం పెట్టను?" అనుకుంటూ బుల్లి కాళ్ళతో గుడ్లకు నీళ్ళు విసిరేది.

పైన అడవికి అంత ఓపిక లేదు. తినే గబ్బిలాలు లేక దోమలు కుప్పలుతెప్పలయ్యాయి. నక్క ప్రచార సభలో చప్పట్లు మారుమోగాయి, అవన్నీ దోమల్ని కొట్టిన చప్పుళ్ళే. అంత జుట్టున్న ఎలుగుబంటి కూడా సభ మధ్యలో లేచిపోయి ఏట్లో కూర్చుంది.

"ఈ దోమల ప్రెసిడెంటుకు ఓటెవడేస్తాడు?" అంది అక్కణ్ణించే.

ముక్కు బూరెలా వాచిన నక్క గుహకు పరుగెత్తుకొచ్చింది.

"మీసాలమ్మా, గబ్బిలాలు మళ్ళీ రావాలంటే ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదండి. ఆ దీపాలు తీయించండి చాలు."

ఊరికే తీయిస్తే అది నక్కెందుకవుతుంది? గుహ ముందు మామిడాకులు కట్టించింది, శిలాఫలకం నిలబెట్టించింది. మిణుగురులు వరసగా బయటికి నడిచాయి. "ఈ చల్లని చీకటి మా పాలకవర్గం మీకిస్తున్న కానుక," అని నక్క ప్రకటించింది. కుందేలు చప్పట్లు కొట్టింది.

గబ్బిలాలు తిరిగొచ్చాయి. మీసాలమ్మ గుడ్లు పగిలి, పిల్లలు మీసాలాడిస్తూ కడుపునిండా తిన్నాయి. రొయ్యలన్నీ పొంగిపోయి నక్కకే ఓట్లు గుద్దాయి.

మీసాలమ్మకు ఒళ్ళు మండింది. "ఒరే, ఈ చీకటి మన తాతలది కదరా."

"అది పాత చీకటి, పెద్దమ్మా. ఇది ప్రెసిడెంటుగారిచ్చింది," అన్నాయి రొయ్యలు.

నీతి: దానకర్ణుడని పేరు రావాలంటే, ముందు ఎదుటివాడి సొత్తు లాక్కోవాలి.