ముందు పేజీలో దండ

ఆ శనివారం పొద్దున్న అనురాధ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భర్త నీలం సూటు ఇస్త్రీ చేయాలి, తను పసుపుపచ్చ పట్టుచీర కట్టుకోవాలి, మధ్యాహ్నం రెండింటికల్లా ఇద్దరూ హైస్కూలు ఆడిటోరియంలో ఉండాలి. వాళ్లుండే ఎడిసన్ ఊరి నుంచి రాష్ట్ర అసెంబ్లీకి వెళ్లిన సభ్యుడు మధ్యలో రాజీనామా చేశాడు. ఆ ఖాళీలోకి ఎవరు వెళ్లాలో పార్టీ కమిటీ వాళ్లు ఆ రోజే ఓట్లేసి తేలుస్తారు. బరిలో ఇద్దరే. ఒకడు ఊరి కౌన్సిల్లో ఏళ్ల తరబడి పాతుకుపోయిన ఫ్రాంక్ డెలూకా. రెండోవాడు అనురాధ భర్త, 'మన వీధి వార్త' వారపత్రిక నడిపే కోటేశ్వరరావు.

కోటేశ్వరరావంటే మాటలా! ఇరవై రెండేళ్ల క్రితం గరాజ్‌లో నాలుగు పేజీలతో మొదలుపెట్టి, పాత కారు డిక్కీలో కట్టలు వేసుకుని కిరాణా షాపులన్నిటికీ తనే పంచిన మనిషి. రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో అసెంబ్లీ నడుస్తుంటే పెరుగన్నం డబ్బాతో వెళ్లి విలేకరుల వరుసలో కూర్చునేవాడు. ఆ డబ్బా కంటపడితే సభ్యులు ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడేవారు. చలికాలంలో హీటర్లు బాగుచేయించని అపార్ట్‌మెంట్ల యజమానుల మీద రాసి రాసి ఊరి పాలకవర్గం చేత కొత్త రూలు పెట్టించాడు. స్కూల్ బోర్డుకి రెండుసార్లు ఓడి, మూడోసారి గెలిచాడు. పేపర్లో తప్పు పడిందా, మరుసటి వారం మొదటి పేజీలోనే సవరణ పడాల్సిందే. అది ఆయన వ్రతం.

అంతటివాడు ఆ వారం మొదటి పేజీ చూసుకోలేదు. పోటీలో ఉన్నవాడు తన గురించి తనే వేసుకోకూడదని పేజీ మొత్తం దేదీప్యకి అప్పజెప్పాడు. దేదీప్య ఈ దేశంలోనే పుట్టిన తెలుగు పిల్ల, కాలేజీలో జర్నలిజం చదువుతోంది, పత్రికకి ఉత్తినే పనిచేస్తుంది. శనివారం తెల్లారగానే ఆయన కమిటీ సభ్యుల తలుపులు తట్టడానికి బయల్దేరాడు. ఫోను వంటింటి గట్టు మీద మర్చిపోయాడు.

ఎనిమిదింటికి కిరాణా షాపు రవికుమార్ అనురాధకి ఫోన్ చేశాడు.

"వదినా... ఎలా జరిగింది?" అన్నాడు ముక్కు చీదుతూ.

నిన్న సాయంత్రం లైబ్రరీలో భర్త చేసిన ప్రసంగం గురించే అనుకుందావిడ. "బాగానే జరిగిందండీ. చివర్లో కాస్త దగ్గొచ్చింది. పది నిమిషాల్లో అయిపోయింది."

"పది నిమిషాల్లోనా! ఆఖర్న అన్నయ్య ఏమైనా అన్నాడా?"

"అందరికీ థాంక్స్ చెప్పి కూర్చున్నారు."

అవతల బావురుమన్న చప్పుడు, ఆపైన ఫోన్ కట్. మరీ ఇంత సెంటిమెంటేమిటో ఈ మనిషికి అనుకుని ఆవిడ ఇస్త్రీలో పడింది. రవికుమార్ ఊరుకునే రకమా? నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేసి, పార్టీ ఆఫీసుకీ ఫోన్ చేసి చెప్పాడు.

తొమ్మిదిన్నరకి గుమ్మం ముందు చెప్పులు గుట్టపడ్డాయి. తెల్లబట్టల్లో జనం, చేతుల్లో అల్యూమినియం ట్రేలు. "ఈ పూట నువ్వు స్టవ్ ముట్టుకోకమ్మా" అన్నారు. ఎన్నికల రోజు ఇంత ప్రేమా అని అనురాధ మురిసిపోయి, పట్టుచీరలో, తలనిండా మల్లెపూలతో అందరికీ కాఫీలు అందించింది.

"షాక్‌లో ఉంది పాపం" అని గుసగుసలాడారు ఆడవాళ్లు.

ఇంతలో పార్టీ ఆఫీసు నుంచి ఫోన్. ఎంతో విచారిస్తున్నామని, ఆయన పేరు బ్యాలెట్ నుంచి తీసేశామని చెప్పారు. అనురాధ ఎవరి చేతిలోనో ఉన్న ఆ వారం పేపరు లాక్కుని చూసింది. మొదటి పేజీలో నిలువెత్తు కోటేశ్వరరావు. ఫోటో చుట్టూ బంతిపూల దండ, పక్కన వెలుగుతున్న దీపం, కింద 'ఇరవై రెండేళ్ల సేవకు వందనం'. ఆ కిందే ఆయన పోటీ చేస్తున్నాడని రెండు కాలమ్‌ల వ్యాసం ఉంది. చదివినవాడు ఒక్కడూ లేడు.

"ఏమిటే ఇది!" అంది అప్పుడే వచ్చిన దేదీప్యతో.

"లుక్ నచ్చలేదా ఆంటీ? మా ఇంట్లో తాతయ్య ఫోటోకి అలాగే ఉంటది కదా. మమ్మీ డైలీ దణ్ణం పెడతది. గ్రేట్ పీపుల్‌కి అలా పెడతారు అనుకున్నా."

అనురాధ అందరివైపూ తిరిగి, "అయ్యో, ఆయన బతికే ఉన్నారండీ!" అని అరిచింది.

"అవునమ్మా," అంటూ ఓ పెద్దావిడ దగ్గరికి తీసుకుంది. "మా అందరి గుండెల్లో ఉన్నారు."

ఎన్నిసార్లు చెప్పినా అదే ఓదార్పు. పన్నెండవుతుండగా నల్లసూటులో డెలూకా దిగాడు. వెంట పదిమంది కమిటీ సభ్యులు, చేతిలో చీజు వేసి వండిన లజానియా ట్రే. హాలు మధ్య నిలబడి ఇంగ్లీషులో అందుకున్నాడు. కోటేశ్వరరావు తన మీద పన్నెండుసార్లు రాశాడనీ, పదకొండు నిజాలేననీ, ఒక్కసారి మాత్రం పొరపాటు రాసి మొదటి పేజీలో క్షమాపణ చెప్పాడనీ, అంత నికార్సైన మనిషిని ఈ రాష్ట్రంలో తను చూడలేదనీ చెప్పాడు. ఆయనే బతికుంటే ఈ రోజు తాను తప్పుకుని సీటు ఆయనకే ఇచ్చేవాణ్ణన్నాడు. అనురాధ చెప్పబోయిన మాటే మర్చిపోయింది, కళ్లనీళ్లు ధారగా కారాయి. తను కట్టుకున్నవాడు ఇంతటివాడని పోటీదారు నోటి వెంట వినడం ఆవిడకి అదే మొదటిసారి.

వెనక నుంచి చప్పట్లు వినిపించాయి.

తట్టిన తలుపు ఒక్కటీ తెరుచుకోక తిరిగొచ్చి, చెప్పుల గుట్ట చూసి తన మద్దతుదారులేనని పొంగిపోయిన కోటేశ్వరరావు, అయిదు నిమిషాలుగా గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"థాంక్యూ ఫ్రాంక్! ఈ ముక్క రెండింటికి ఆడిటోరియంలో కూడా చెప్తావా?" అన్నాడు ఇంగ్లీషులో.

రవికుమార్ వెనక్కి వాలి పులిహోర ట్రేలో కూలబడ్డాడు. డెలూకా చుట్టూ చూశాడు. అరవై మంది, వాళ్లలో పదిమంది కమిటీ సభ్యులు, అన్ని చేతుల్లో ఫోన్లు రికార్డు చేస్తూనే ఉన్నాయి. వెనక్కి తగ్గే దారి లేదు. లజానియా ట్రే కోటేశ్వరరావు చేతుల్లో పెట్టి, తల ఊపాడు.

రెండింటికి కోటేశ్వరరావు పేరు మళ్లీ బ్యాలెట్ ఎక్కింది. ప్రతిపాదించింది డెలూకాయే. మూడింటికల్లా కోటేశ్వరరావు అసెంబ్లీ సభ్యుడు. పులిహోర మరకల ప్యాంటుతోనే రవికుమార్ అందరికంటే గట్టిగా ఈల వేశాడు.

సంపాదకుడి కుర్చీ దిగేముందు ఆయన రాసిన ఆఖరి సవరణ మరుసటి వారం మొదటి పేజీలోనే వచ్చింది: "గత సంచికలో ఫోటోకి దండ పొరపాటున పడింది, చింతిస్తున్నాం. శ్రీ డెలూకా సంతాప ప్రసంగంలో మాత్రం సవరణలేమీ లేవు."