పుట్ట పక్కన అద్దాల మేడ

ఒక పెద్ద అడవిలో, పులి ఎప్పుడో రిటైరైపోయి కమిటీలు రాజ్యమేలుతున్న రోజుల్లో, అటవీ సమితి ఆఫీసు ఒక చెదల పుట్టలో నడిచేది. బయట రోళ్లు పగిలే ఎండ కాస్తున్నా లోపల కుండలో నీళ్లలా చల్లగా ఉండేది. పైనా కిందా కన్నాలు. వేడిగాలి పైనుంచి పోయేది, చల్లగాలి కిందనుంచి వచ్చేది. ఏ కన్నం ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెదలే చూసుకునేవి. వాటికి జీతం లేదు కాబట్టి వాటిని ఎవరూ ఇంజనీర్లు అనేవారు కాదు.

ఆ ఆఫీసులో రికార్డులు చూసే గుమాస్తా ఉడుము ముత్తమ్మ. ఆమెకు పుట్టమీద ఉన్న ప్రేమ ఉద్యోగానికి సంబంధించింది కాదు. రికార్డు గది వెనక మట్టిగోడలో తొమ్మిది గుడ్లు పెట్టుకుంది. ఉడుము తన గుడ్లు తాను పొదగదు, ఆ పని పుట్టే చేస్తుంది. ఎండొచ్చినా వానొచ్చినా అందులో వెచ్చదనం మారదు. వైశాఖం వెళ్లేదాకా ఆ గోడ కదలకుండా ఉంటే చాలు, ఆమె తొమ్మిదిమంది బిడ్డల తల్లి అవుతుంది.

మార్గశిరంలో కొంగ హంసానందం వచ్చాడు. ఏటా చలికాలం ఇక్కడికొచ్చి, ఎండలు ముదిరేలోగా చల్లని దేశాలకు ఎగిరిపోయే వలసపక్షి. నాలుగు దేశాల నీళ్లు తాగినవాడు కాబట్టి సమితికి సలహాదారయ్యాడు. వచ్చీ రాగానే, ఈ కాలంలో కూడా మట్టిలో కూర్చుని పనిచేయడమేమిటని అందరినీ సిగ్గుపడేలా చేశాడు. ఆరోగ్యానికి ఆరోగ్యం, పొదుపుకు పొదుపు, నాలుగువైపులా అద్దాలతో ఒక పచ్చని భవనం కట్టాలన్నాడు. కడితే అఖిలారణ్య మండలివాళ్లు తనిఖీ చేసి, మెచ్చుకోలు గుర్తుగా ఆకులిస్తారట. అయిదు ఆకులొస్తే అధ్యక్షుడికి నిండుసభలో పూలదండ.

అధ్యక్షుడు ఎలుగుబంటి భీమలింగానికి దండ సంగతి నచ్చింది. అంతకన్నా ఇంకో సంగతి నచ్చింది. ఆయనకు చెదలంటే ప్రాణం, అదీ భోజనం లెక్కన. పదేళ్లుగా భోజనం మధ్యలో కుర్చీ వేసుకుని, ముట్టుకుంటే ఆఫీసు కూలుతుందని నోరు కట్టుకుని కూర్చున్నాడు పాపం. అందుకే ఫైలు చివర ఒక వాక్యం తనే చెప్పి రాయించాడు. అయిదో ఆకు అందిన రోజున పాత పుట్టను అధ్యక్షులవారే స్వయంగా తొలగించవలెను.

ఆ వాక్యం రాసింది ముత్తమ్మే. రాసి, వెనక మట్టిగోడవైపు ఒకసారి చూసుకుంది.

భవనం పుష్యమాసానికి పూర్తయింది. పచ్చదనం బాగా కనబడాలని చుట్టూ ఉన్న మద్దిచెట్లు కొట్టేసి, కుండీల్లో మొక్కలు పెట్టారు. తలుపులకు ఆకుపచ్చ రంగేశారు. దుమ్ము రాకూడదని కిటికీలు తెరుచుకోకుండా బిగించారు. గాలి కోసం గొట్టాలు వేసి, వాటి చివర ఏనుగుల్ని నిలబెట్టి చెవులతో విసరమన్నారు. ఏనుగులు ఎన్ని అరటిగెలలు తింటే భవనం అంత శక్తి వాడినట్టు లెక్క.

ప్రారంభం రోజున చలి వణికిస్తోంది. అద్దాల్లోంచి ఎండ లోపలికొచ్చి అందరి వీపులూ నిమిరింది. ఇంత హాయి పుట్టలో ఏనాడైనా ఉందా అంటూ సూపరింటెండెంటు అడవిపంది వరాహాలు కళ్లు మూసుకున్నాడు. తనిఖీకొచ్చిన మండలివాళ్లు కూడా చలికాచుకుంటూ నాలుగు ఆకులు అక్కడికక్కడే ఇచ్చేశారు. అయిదోది శక్తి పొదుపు ఆకు. ఎండల్లో ఎన్ని గెలలు ఖర్చవుతాయో చూసి ఇస్తామన్నారు.

ముత్తమ్మ ధైర్యం కూడగట్టుకుని భీమలింగం దగ్గరికెళ్లింది.

“సార్, నా గుడ్లు ఆ గోడలోనే ఉన్నాయండి. వైశాఖం వెళ్లేదాకా పుట్ట జోలికి పోకండి.”

“దానికేముందమ్మా, కొత్త భవనంలో శిశు సంరక్షణ గది ఉందిగా. అక్కడ పెట్టుకో,” అన్నాడాయన, పుట్టవైపే చూస్తూ.

ఆమె వెళ్లి ఆ గది చూసింది. తూర్పూ పడమరా రెండువైపులా అద్దాలే. పుష్యంలోనే నేల కాళ్లకు వేడిగా తగులుతోంది. అక్కడే పచార్లు చేస్తున్న హంసానందాన్ని అడిగింది.

“కొంగగారూ, తమరు ఎండాకాలం ఈ అడవిలో ఎప్పుడైనా ఉన్నారాండీ?”

“ఎందుకుంటాను? మీ ఎండలు నేను తట్టుకోలేను,” అన్నాడాయన.

భవనానికి నమూనా గీసినవాడే ఆ మాట అంటుంటే ముత్తమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుడ్లను మాత్రం కదపలేదు. ఫాల్గుణంలో హంసానందం అందరికీ శుభాకాంక్షలు చెప్పి ఎగిరిపోయాడు.

చైత్రం వచ్చింది. అద్దాల మేడ పొయ్యిమీది మూకుడైంది. ఏనుగులు చెవి కదపకముందే గొట్టాల్లోంచి వడగాలి కొట్టడంతో వాటిని విసరొద్దన్నారు. మొదటిరోజే టైపిస్టు కుందేలు సొమ్మసిల్లింది. రెండోరోజు వరాహాలు ఏదో పాత రికార్డు చూసుకోవాలని పుట్టలోకి వెళ్లి సాయంత్రందాకా రాలేదు. మూడోరోజుకి అందరికీ పాత రికార్డులతో పనిపడింది. చివరికి భీమలింగమే, పుట్ట ఎంత పాడైందో దగ్గరుండి పరిశీలిస్తానంటూ కుర్చీ మోయించుకుని వచ్చేశాడు. పరిశీలిస్తూ పరిశీలిస్తూ గురకపెట్టాడు. కొత్త భవనంలో ఎవరూ లేరు గనుక ఏనుగులు కూడా ఏటికి పోయి స్నానాలు చేశాయి.

ముత్తమ్మకు ప్రాణం లేచొచ్చింది. పుట్ట లేకపోతే గడవదని అందరికీ తెలిసొచ్చింది కదా అనుకుంది. ఇన్నేళ్లు పనిచేసినా ఆమెకు ఆఫీసంటే ఏమిటో ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

వైశాఖం మొదట్లో మండలి కబురు పట్టుకుని చిలుక వచ్చింది. ఇంత ఎండల్లో ఒక్క అరటిగెల కూడా ఖర్చు చేయని భవనం అన్ని అడవుల్లోనూ ఇదొక్కటేనట. అయిదో ఆకు మంజూరైంది. దండ వచ్చే పౌర్ణమికి వేస్తారట.

అందరూ చప్పట్లు కొట్టారు, పుట్టలో కూర్చునే. భీమలింగం లేచి, ఒళ్లు విరుచుకుని, గోళ్లు చూసుకున్నాడు. తిన్నగా రికార్డు గది వెనక గోడ దగ్గరికే నడిచాడు. చెదలు దట్టంగా ఉండేది అక్కడే మరి.

ముత్తమ్మ గోడకు అడ్డంగా నిలబడింది. ఒళ్లంతా భయం. బతిమాలితే వినడని తెలుసు. అందుకని ఫైలు తెరిచింది.

“సార్, పుట్ట పడిపోతే రేపట్నుంచి మనందరం ఎక్కడ కూర్చుంటామండీ?”

“కొత్త భవనంలో.”

“అక్కడ కూర్చుంటే ఏనుగులు విసరాలి కదండీ. విసిరితే గెలలు తింటాయి. తింటే అయిదో ఆకు ఉండదు. ఆకు లేకపోతే దండ ఉండదు.”

భీమలింగం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఒకవైపు భోజనం, ఒకవైపు దండ. ఆయన జీవితంలో అంతసేపు ఆలోచించిన సందర్భం మరొకటి లేదు. గోడమీద చెదలు బారులు తీరి పనికి పోతున్నాయి. వాటిని చూస్తూ గుటకలు మింగాడు.

“మరి ఏం చేద్దామంటావ్?” అని గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ భవనం పేరు నిలబడాలంటే మనం దాంట్లో కాలు పెట్టకూడదండి. ఆ సంగతే ఆర్డరు రాసేస్తాను.”

ఆర్డరు ఆ మధ్యాహ్నమే వెలువడింది. పుట్ట ఇకనుంచి కొత్త భవనానికి చెందిన శక్తి పొదుపు పరికరం. చెదలు ఆ పరికరంలో భాగాలు. సమితి పరికరాలను ఎవరూ తినరాదు. సంతకం పెడుతుంటే అధ్యక్షులవారి కళ్లలో నీళ్లు తిరిగాయి, పక్కనున్నవాళ్లు ఆనందబాష్పాలు అనుకున్నారు.

వైశాఖం చివరి వారంలో గోడ పగిలి తొమ్మిది పిల్లలూ బయటికొచ్చాయి. ముత్తమ్మ ఒక్కొక్కదాన్నీ తడిమి చూసుకుని ఏడ్చేసింది. అంత సంతోషం ఆ ఆఫీసులో ఎవరికీ ఏనాడూ కలగలేదు. అద్దాల మేడ తాళం వేసి తళతళలాడుతూ ఏటా అయిదు ఆకులు తెచ్చుకుంటోంది. హంసానందం దాన్నే చూపించి ఇంకో మూడు అడవుల్లో అలాంటివి కట్టిస్తున్నాడు.

నీతి: ఎవరూ అడుగు పెట్టనంతకాలం ఏ భవనమైనా ఆరోగ్యానికి మంచిదే.