కందెనల ఉపసంఘం తుది నివేదిక

మానవజాతి ఇంతవరకూ తేల్చుకోలేకపోయిన ప్రశ్నల్లో అతి ముఖ్యమైనది, ఇంట్లో సీసం కరిగించి పోసుకున్న పిస్టల్ తూటాకు ఏ కందెన రాయాలన్నది. అమెరికాలో ఐడహో కొండల్లోని టామరాక్ బెండ్ షూటింగ్ క్లబ్బు ఈ బరువును కందెనల ఉపసంఘం నెత్తిన పెట్టింది. ఉపసంఘంలో సభ్యుడు ఒక్కడే, వెర్లిన్ హాస్కిన్సన్. (కోరం కూడా ఒక్కరే కనుక సమావేశం ఏనాడూ వాయిదా పడలేదు.)

వెర్లిన్ ముప్పయ్యేళ్ళు తపాలా కార్యాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. గళ్ళు లేని కాగితం చూస్తే ఆయనకు ఊపిరాడదు. తొమ్మిదేళ్ళుగా వంటింటి పొయ్యి మీద తేనెమైనం, గొర్రె కొవ్వు, ఇంజను నూనె రకరకాల పాళ్ళలో కరిగించి, ఏడు డబ్బాలకెత్తి, డబ్బాకొక పదహారు గళ్ళ ఫారం తెరిచాడు. పిస్టల్ గొట్టానికి సీసం ఎంత అంటింది, పొగ ఎంత వచ్చింది, వాసన ఎలా ఉంది అన్నీ నమోదయ్యేవి. (వాసనకు మూడు శ్రేణులు: సంతృప్తికరం, సహించదగినది, భార్య అభ్యంతరం.) మూడో ఏట ఆయన భార్య మార్లిస్ వంట సామాను పెరట్లోని చక్రాల ఇల్లు లాంటి ట్రెయిలర్‌లోకి మార్చుకుంది. ఆయన దాన్ని పరిశోధనకు కుటుంబ సహకారం కింద రాసుకున్నాడు.

చిక్కల్లా ఒకటే. ఏ కందెన రాసినా ఆయన కాల్చిన తూటాలు పాతిక గజాల దూరంలో అన్నం పళ్ళెమంత మేర చెల్లాచెదురయ్యేవి. కనుక ఎనిమిదో కందెన అవసరమని, మరో మూడేళ్ళు గడువు కావాలని వార్షిక సమావేశంలో కోరాడు. అధ్యక్షురాలు ఓపల్ బ్రాండ్‌వోల్డ్, ఒకప్పటి బడి బస్సు డ్రైవరు, ఫారాలు ఓపిగ్గా తిరగేసింది.

"ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలని రూలు రాసింది నువ్వే కదా?"

"నేనే."

"కందెన మార్చావు, సీసం మార్చావు, పిస్టల్ కూడా రెండుసార్లు మార్చావు. ఇంక మార్చనిదేంటి వెర్లిన్?"

వెర్లిన్ ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దానికి గడి లేదు.

ఓపల్ అటూ ఇటూ చూసి, మొక్కజొన్న రొట్టె పంచుతున్న మార్లిస్‌ను పిలిచి, వెర్లిన్ పిస్టల్ చేతికిచ్చి, పక్కనున్న కాల్పుల మైదానం చూపింది. మార్లిస్ చేతులు తుడుచుకుని, చప్పుడు ఆపే మూతలు చెవులకు తగిలించుకుని, ఒక్కో డబ్బా కందెన రాసిన తూటాలు అయిదేసి చొప్పున కాల్చింది. ఏడు గురి కాగితాల మీదా రంధ్రాలు కాఫీ కప్పు కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. ఆమె పిస్టల్‌ను బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది.

"అన్నీ ఒకటే. అయిదోది మాత్రం కంపు."

ఎవరూ నవ్వలేదు. వెర్లిన్‌కు అదే ఎక్కువ బాధనిపించింది. తొమ్మిదేళ్ళ కాగితాలు చంకలో ఇరికించుకుని కాసేపు ఆ రంధ్రాల ముందు నిలబడ్డాడు. ఆ తూటాలన్నీ తాను పోసినవే, తాను కందెన రాసినవే. ఆ సంగతి తలుచుకుంటే లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. ఆ గర్వం నమోదు చేయడానికీ గడి లేదు. అయినా పారిపోయే మనిషి కాడు, నివేదిక అక్కడికక్కడే రాసి, తానే ప్రతిపాదించి, తానే బలపరిచి, ఏకగ్రీవంగా ఆమోదించుకున్నాడు:

"ఏడు కందెనలూ నిర్దోషులు. గురి కాగితాలు మాత్రం కొందరి పట్ల పక్షపాతం చూపుతున్నట్లు ఉపసంఘం దృష్టికి వచ్చింది. విచారణకు తొమ్మిదేళ్ళ గడువు కోరడమైనది."