మరకకు ఎత్వం పడితే

ఆ ఉదయం ప్లానరుగారు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా నక్షా ఆఫీసులో ఇచ్చేసి, పదిన్నరకు అక్కను ఛాతీ డాక్టరుకు చూపించాలి. అంతే.

రెండేళ్ళుగా గీస్తున్న నక్షా అది. నలభై ఏళ్ళపాటు కంకర తవ్వి వదిలేసిన క్వారీలో నూటపది ఇళ్ళ కాలనీ. నీళ్ళు నిలిచిన గొయ్యి చెరువవుతుంది, లారీలు తిరిగిన బాట నడకదారి అవుతుంది, ఇంటికీ ఇంటికీ మధ్య గోడలకు బదులు చెట్లుంటాయి. కాగితం మీద అంతా పచ్చగానే ఉంది. సైటులో మాత్రం అతను నాటించిన ఆరువందల మొక్కల్లో బతికినవి నలభై. రాళ్ళలో తడి నిలవక మిగతావి నిలబడ్డచోటే ఎండిపోయాయి. కాలనీ అనుమతి ఫైలు కూడా ఏదో ఆఫీసు బల్ల మీద అలాగే ఎండుతోంది.

ఆ ఇంట్లో అక్కా తమ్ముడూ ఇద్దరే. ఆమె రిటైరైన లెక్కల టీచరు. ఇతనికి పెళ్ళి ఆలోచన వచ్చేసరికి జుట్టు నెరిసిపోయింది. కిటికీ కింద బస్సు డిపో. తెల్లారగానే ఇంజన్లు పొగ వదిలేవి, ఆమె దగ్గు అందుకునేది. బస్సులు బయల్దేరేవి గానీ దగ్గు బయల్దేరేది కాదు.

"ఒరేయ్, టీ చల్లారిపోతోంది" అంటూ ఆమె కప్పు తెచ్చి బల్ల మీద పెట్టబోయింది. సరిగ్గా అప్పుడే దగ్గు తెర వచ్చింది. సగం టీ నక్షా మీద పడింది.

"అయ్యయ్యో, పాడైపోయిందా?"

"ఏం కాలేదులే అక్కా. ఉత్తరం వైపు ఖాళీ జాగా అది. నువ్వు కూర్చో."

గుడ్డతో అద్దాడు. అరచేయంత గోధుమరంగు మచ్చ మిగిలింది. కొత్త కాపీ తీసే వ్యవధి లేదు. చూసినవాళ్ళకు అర్థం కావాలని పక్కన పెన్సిలుతో బాణం గుర్తు వేసి 'మరక' అని రాశాడు. తొందరలో చెయ్యి జారి 'మ' మీద చిన్న గీత పడింది. అది అతను చూసుకోలేదు. నక్షా చుట్టి, ఆఫీసులో బ్రోషర్ల అమ్మాయి బల్ల మీద పెట్టి, అక్కను ఆటో ఎక్కించాడు.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూశాడు. "గాలి మార్చండి" అన్నాడు, మాత్ర మార్చమన్నంత తేలిగ్గా.

బ్రోషర్ల అమ్మాయి ఉద్యోగంలో చేరి మూడు వారాలు. ఆమె కంటికి నక్షాలో బాణం పక్కనున్న మాట 'మెరక'గా కనిపించింది. మచ్చ కూడా గుండ్రంగా, గోధుమరంగులో, అంచులు ముదురుగా ఉంది. ఎత్తైన నేలను నక్షాల్లో అలాగే కదా చూపిస్తారు! ఎవరినైనా అడగొచ్చు. కానీ కిందటిసారి ఏదో అడిగితే కంపెనీ డైరెక్టరు విసుక్కున్నాడు. అందుకని ఆ మచ్చకు ఆకుపచ్చ రంగు అద్ది, 'సహజమైన మెరక' అని అచ్చుకు ఇచ్చేసింది. ఫోన్లు ఎత్తేవాళ్ళు, మెరకంటే ఏమిటని అడిగినవాళ్ళకు గుట్ట అని చెప్పారు. ఆ గుట్ట డైరెక్టరు నోట్లో పడి కొండయింది. వారం తిరక్కుండా రోడ్డు పక్క బోర్డుల మీద 'కొండ నీడన కొత్త జీవితం' అని వెలిసింది.

ఆ బోర్డు చూసి ప్లానరుగారు దారి మధ్యలోనే బస్సు దిగిపోయి ఆఫీసుకు పరుగెత్తాడు.

"సార్, అక్కడ కొండ లేదు. గొయ్యి ఉంది."

"నీ నక్షాలోనే ఉందయ్యా. కొండ ఎదుటి ప్లాట్లే ముందు అమ్ముడుపోయాయి కూడా."

"అది టీ మరక సార్."

డైరెక్టరు అతన్ని జాలిగా చూశాడు. "రెండేళ్ళు ఒకే పని చేస్తే మనిషికి ఇలాగే అవుతుంది. ఉండు, సైటులో ఉన్నవాణ్ణే అడుగుదాం."

సైటు కాపలాదారు పాత క్వారీ మనిషి. రాళ్ళు పేల్చే పని చేసి చేసి ఒక చెవి పోగొట్టుకున్నాడు. అందరూ అతన్ని మందుగుండు తాత అనేవారు. డైరెక్టరు ఫోను స్పీకరులో పెట్టి అరిచాడు.

"తాతా! ఉత్తరం వైపు గుట్ట ఉందా?"

"గుట్టా? ఎందుకు లేదు సార్! పెద్ద గుట్ట ఉండేది!"

గాలి హోరులో ఆ చివరి మాట సగం తెగింది. గదిలోకి "ఉం... ది!" అని మాత్రమే వచ్చింది.

"విన్నావా?" అన్నాడు డైరెక్టరు. "నువ్వు గీసినవాడివి. ఆయన చూసినవాడు. ఎవరి మాట నమ్మాలంటావు?"

దిగులుగా ఇంటికి చేరేసరికి అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమె మొహం అంత కళగా ఉండి ఎన్నాళ్ళయిందో.

"నీకు చెప్పకుండా ఒక పని చేశానురా. మీ కాలనీలో ప్లాటు తీసుకున్నాను. సరిగ్గా కొండ ఎదురుగా! ఫోనులో మీ ఆఫీసు పిల్ల చెప్పింది, తెల్లారేసరికి కొండ మీంచి చల్లగాలి కిందికి దిగుతుందట."

చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆమె అప్పటికే ఏ కిటికీ ఎటు పెట్టాలో పాత పరీక్ష పేపరు వెనక గీసి ఉంచింది. స్కేలు పెట్టి మరీ గీసింది. అతను నోరు మూసుకున్నాడు.

కొన్నవాళ్ళందరికీ ఆదివారం సైటు చూపించాలని నిర్ణయమైంది. శుక్రవారం డైరెక్టరు ముందుగా వెళ్ళి చూస్తే, ఉత్తరాన కంకర, దాని వెనక ఇంకొంత కంకర, దాని మీద మబ్బు పట్టిన ఆకాశం.

"తాతా, కొండేదయ్యా?"

"చెప్పాను కదా సార్, ఉండేదని. ముప్పై ఏళ్ళు మేమే పేల్చి పంపించాం. మీరు వచ్చిన రోడ్డు కింద కొంత ఉంటుంది. ఆ వంతెన కింద ఇంకొంత. మంచి గుట్ట సార్ అది. పైన మేకలు మేసేవి."

డైరెక్టరు పొరపాటు ఒప్పుకునే మనిషి కాదు. కొండ లేకపోతే పెట్టించే మనిషి. మధ్యాహ్నానికల్లా తవ్వే యంత్రాలు మూడు వచ్చాయి. గుట్టకు కంకర కావాలి. కంకర గోతిలో ఉంది. గోతిలో నీళ్ళున్నాయి. కాబట్టి ముందు పంపులు పెట్టి, చెరువు కావలసిన నీళ్ళన్నీ పక్క వాగులోకి తోడేశారు. అడుగు బురద తేలాక తవ్వకం మొదలైంది. శనివారం సాయంత్రానికి మూడంతస్తుల ఎత్తున కంకర పోగు లేచింది. బతికిన నలభై మొక్కలూ దాని కిందే పోయాయి. పైన పచ్చగడ్డి చాపలు పరిచి మేకులు కొట్టారు. ప్లానరుగారు జేబులో చేతులు పెట్టుకుని అన్నీ చూస్తూ నిలబడ్డాడు. ఎవరైనా పోతే శ్మశానంలో నిలబడేది కూడా ఇలాగే కదా అనుకున్నాడు.

ఆదివారం సన్నగా తుంపర. గొడుగుల కింద యాభై మంది కొన్నవాళ్ళు, వాళ్ళలో మఫ్లరు చుట్టుకున్న అక్క. అనుమతుల ఆఫీసు మేడం కూడా వచ్చింది. డైరెక్టరు ఉత్సాహంగా గుట్ట సగందాకా ఎక్కి చేతులు చాచాడు. "తరతరాల నాటి ఈ కొండ..."

ప్లానరుగారికి ఇక పట్టలేదు. ముందుకొచ్చి గొంతు పెంచాడు. "ఇది నిన్న పోసింది! ఇక్కడ కొండ లేదు. నా నక్షా మీద టీ ఒలికింది. మరక అని రాస్తే మెరక అని చదివారు. అంతే!"

గొడుగుల కిందనుంచి ఒక పెద్దమనిషి మండిపడ్డాడు.

"ఏమయ్యా, కళ్ళెదురుగా కనిపిస్తుంటే లేదంటావేంటి? మా కొండను మరకంటావా?"

"అసూయండీ, అసూయ. ఈయనకు ప్లాటు దొరికుండదు" అంది పక్కనున్నావిడ.

అప్పుడు కొండే జవాబు చెప్పింది. తడిసిన కంకర తుమ్మబోతున్న మనిషిలా ఒక్కసారి ఆగి, బరబరమంటూ కిందికి జారింది. గడ్డి చాప మీద నిలబడ్డ డైరెక్టరు చాపతో సహా సర్రున దిగివచ్చి, మోకాళ్ళ లోతు కంకరలో ఆగాడు. దెబ్బలేవీ తగల్లేదు. పరువు సంగతి వేరు.

అనుమతుల మేడం వంగి గుప్పెడు కంకర తీసి చూసింది. "కొత్తగా తవ్వింది కదా ఇది? తవ్వకానికి లైసెన్సు ఏదీ?"

"మా ఫైలు మీ దగ్గరే ఉంది మేడం. రెండేళ్ళయింది."

"అది ఇళ్ళ ఫైలు. చెట్లు, చెరువు, నడకదారి... ఇరవై రెండు శాఖలు చూడాలి. తవ్వకానికైతే ఒక్క దరఖాస్తు. పాత క్వారీయే కాబట్టి తొమ్మిది రోజుల్లో అయిపోతుంది."

డైరెక్టరు కంకరలోంచి కాళ్ళు తీసుకోవడం మరచిపోయి ఆలోచనలో పడ్డాడు. కాలనీ సరిగ్గా ఆ క్షణంలోనే పోయిందని ప్లానరుగారికి తర్వాత అర్థమైంది. అతని ఉద్యోగం పోయింది మాత్రం అంతకు రెండు నిమిషాల తర్వాత.

తిరుగు బస్సులో అతను అక్క వైపు చూడలేకపోయాడు. "నీకు ముందే చెప్పాల్సింది. కొండ ఎదురుగా అని ఎంత ఆశ పెట్టుకున్నావో..."

"కొండ ఎవడిక్కావాలిరా?" అంది అక్క. "రెండేళ్ళు వంచిన తల ఎత్తకుండా గీశావు. ఒక్కరూ కొనకపోతే కుమిలిపోతావని కొన్నాను. కొండ ఉందని సంబరపడితే నువ్వూ సంబరపడతావనుకున్నాను."

"నేను నీ సంబరం చూసే నోరు మూసుకున్నాను."

"ఇద్దరం బాగానే ఉన్నాం" అని ఆమె నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. అతను వీపు రాస్తూ కూర్చున్నాడు. బయట వాన పెరిగింది.

అందరి బుకింగులూ రద్దయ్యాయి. మేడం చెప్పినట్టే తొమ్మిదో రోజున తవ్వకం లైసెన్సు వచ్చింది, పదో రోజున లారీలు వచ్చాయి. మందుగుండు తాతను పాత పనిలోకే పిలిచారు. నెల తిరిగాక ప్లానరుగారికి రిజిస్టరు పోస్టులో ఒక కవరు అందింది. క్వారీ లైసెన్సు షరతుల ప్రకారం ప్రకృతి పరిరక్షణకు ఒక అధికారి ఉండి తీరాలట. అనుభవం దృష్ట్యా అతన్నే నియమిస్తున్నారట. అక్క కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరాన్ని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివి అతని చేతికిచ్చింది.

అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: జతపరిచినవి, హెల్మెట్ ఒకటి, దుమ్ము మాస్కులు రెండు.